ఎక్కించిన నీళ్ళే దించితే మిగిలేదేంటి? పంప్డ్ స్టోరేజీ వెనక శక్తి లెక్క

కొండ మీద ఒక చెరువు, కొండ కింద ఇంకో చెరువు. పగలు మోటార్లు పెట్టి కింది నీళ్ళు పైకి ఎక్కిస్తారు. పొద్దుపోయాక అవే నీళ్ళు కిందికి వదిలి కరెంటు తీస్తారు. పంప్డ్ స్టోరేజీ అంటే ఇంతే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ ప్రాజెక్టుల పేర్లు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. వంద యూనిట్లు ఖర్చుపెట్టి డెబ్బై అయిదో ఎనభయ్యో తెచ్చుకోవడం ఏం తెలివని కొందరు అడుగుతారు. అవే నీళ్ళు తిరుగుతుంటాయి కాబట్టి ఇక కరెంటు ఉచితమే కదా అని ఇంకొందరు అంటారు.

రెండూ అడగాల్సిన ప్రశ్నలే. రెండింటికీ జవాబు హైస్కూలు సైన్సు పుస్తకంలోని ఒక్క వాక్యంలో ఉంది: శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం, ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చగలం. శక్తి నిత్యత్వ నియమం పేరుతో ఈ వాక్యం అందరికీ నోటికి వచ్చు. దాన్ని అంకెల్లో పెట్టి చూసే అలవాటే తక్కువ.

క్లుప్తంగా

పంప్డ్ స్టోరేజీ కరెంటును పుట్టించదు, దాచిపెడుతుంది. దాచినందుకు దాదాపు పావు వంతు వేడి రూపంలో కట్టాల్సి వస్తుంది. అయినా పనికొస్తుంది, ఎందుకంటే మధ్యాహ్నం పన్నెండింటి యూనిట్, రాత్రి ఎనిమిదింటి యూనిట్ గ్రిడ్ (దేశమంతా కరెంటును మోసే తీగల వల) దృష్టిలో ఒకటి కావు. నీళ్ళు ఎత్తులో దాచుకునే శక్తి చాలా చిన్నది కాబట్టి దీనికి టీఎంసీల్లో నీళ్ళు, వంద మీటర్ల లెక్కలో ఎత్తు కావాలి.

ఎత్తులో ఎంత శక్తి ఉంటుంది?

బరువును పైకి ఎత్తితే, ఎత్తడానికి చేసిన పని అందులో స్థితిశక్తిగా నిలుస్తుంది. కిలోల్లో బరువు, మీటర్లలో ఎత్తు, గురుత్వ త్వరణం (9.8) ఈ మూడింటినీ గుణిస్తే ఆ శక్తి జౌల్స్‌లో వస్తుంది. ఇంట్లో మీటరు తిరిగే ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌల్స్.

మిద్దె మీది ట్యాంకుతో మొదలుపెడదాం. వెయ్యి లీటర్ల ట్యాంకు, పది మీటర్ల ఎత్తు. అంటే వెయ్యి కిలోల నీళ్ళు పది మీటర్ల పైన ఉన్నాయి. వాటి స్థితిశక్తి 98,000 జౌల్స్. యూనిట్లలోకి మారిస్తే 0.027. ట్యాంకు మొత్తం ఖాళీ అయ్యేదాకా ఒక్క చుక్క శక్తి కూడా వృథా కాకుండా పట్టుకున్నా, 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒకటి మూడు గంటలు వెలుగుతుంది, అంతే. ట్యాంకు కింద పైపులో చిన్న టర్బైన్ బిగిస్తే ఇంటి కరెంటు బిల్లు తప్పుతుందని చూపించే వీడియోలు చాలా తిరుగుతుంటాయి. వాటికి ఈ ఒక్క గుణకారం చాలు.

ఇప్పుడు శ్రీశైలం. జలాశయం నిండితే నీటిమట్టం 885 అడుగులు. దిగువన నాగార్జునసాగర్ నిండితే 590 అడుగులు. మధ్యలో తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. సాగర్ మట్టం తగ్గినప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది, శ్రీశైలం మట్టం తగ్గినప్పుడు తరుగుతుంది. లెక్క కోసం 90 మీటర్లే తీసుకుందాం. ఒక లీటరు నీళ్ళు ఆ ఎత్తులో దాచుకునే శక్తి 882 జౌల్స్. ఒక యూనిట్ కరెంటు రావాలంటే ఏ నష్టమూ లేకపోయినా 4,082 లీటర్లు కిందికి దిగాలి. యంత్రాల్లో పోయేది కూడా కలుపుకుంటే సుమారు 4,600 లీటర్లు. వేసవిలో అపార్టుమెంటు ముందు ఆగే వాటర్ ట్యాంకర్‌లో దాదాపు అన్నే నీళ్ళు పడతాయి. అంటే ఒక ట్యాంకర్ నీళ్ళు శ్రీశైలంలో ఆ 90 మీటర్లు దిగితే వచ్చేది ఒక్క యూనిట్. ఆ ఒక్క యూనిట్ థర్మల్ కేంద్రంలో తీయడానికి ముప్పావు కిలో లోపు బొగ్గు సరిపోతుంది.

బొగ్గులో శక్తి అణువుల బంధాల్లో, రసాయన రూపంలో ఉంటుంది. ఎత్తులో ఉన్న నీళ్ళలోదంతా భూమి ఆకర్షణకు ఎదురు చేసిన పని. రెండోది మొదటిదాని ముందు ఎంత పలుచనో చెప్పడానికి టీ గిన్నె ఇంకా మంచి ఉదాహరణ. లీటరు నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా కాచడానికి సుమారు 2,93,000 జౌల్స్ కావాలి. అదే శక్తితో ఆ లీటరు నీళ్ళను దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తుకు ఎత్తవచ్చు. విమానాలు తిరిగే ఎత్తుకు అది మూడింతలు. అలిపిరి మెట్ల మీదుగా తిరుమల కొండ ఎక్కే 70 కిలోల మనిషి, ఎత్తు 700 మీటర్లు అనుకుంటే, తన బరువును పైకి చేర్చడానికి చేసే పని 4,80,000 జౌల్స్. యూనిట్‌లో ఏడో వంతు కూడా కాదు. కాళ్ళు లాగేసిన ఆ ప్రయాణంలో తిన్న తిండి నుంచి ఖర్చయిన శక్తి దానికి నాలుగైదు రెట్లు ఉంటుంది. మిగతాదంతా ఒంట్లో వేడి, చెమట.

ఎత్తులో శక్తి ఇంత తక్కువ కాబట్టే పరిమాణంతో పూడ్చుకోవాలి. ఒక టీఎంసీ అంటే 2 కోట్ల 83 లక్షల ఘనపు మీటర్లు. అన్ని నీళ్ళు 90 మీటర్లు దిగితే సిద్ధాంతంగా 69 లక్షల యూనిట్లు, చేతికి వచ్చేది 61, 62 లక్షల యూనిట్లు. ఇదే లెక్కను తిరగేస్తే ఎత్తిపోతల ఖర్చు తెలుస్తుంది. ఒక టీఎంసీని 100 మీటర్లు ఎత్తాలంటే కనీసం 77 లక్షల యూనిట్లు, పంపుల నష్టంతో కలిపి 90 లక్షలకు దగ్గరగా పోతాయి. కాళేశ్వరంలో మేడిగడ్డ దగ్గర 100 మీటర్ల మట్టంలో ఉన్న గోదావరి నీళ్ళను 600 మీటర్లు దాటిన కొండపోచమ్మ సాగర్‌కు చేర్చే పనిలో కరెంటు బిల్లు అంత పెద్ద చర్చ కావడానికి మూలం ఈ గుణకారమే. పంప్డ్ స్టోరేజీలో ఎక్కించిన నీళ్ళు దిగి వస్తాయి. ఎత్తిపోతలలో అవి పొలానికి పోతాయి, ఎక్కించిన శక్తి తిరిగి రాదు.

గేట్లు ఎత్తిన రోజు ఆ శక్తి ఏమవుతుంది?

కరెంటు తీసేస్తే నీళ్ళలో సారం పోతుందని, పైరుకు పనికిరావని ఊళ్ళలో ఒకప్పుడు అనుకునేవాళ్ళు. నిజానికి టర్బైన్ నీళ్ళ నుంచి తీసుకునేది వాటి ఎత్తును మాత్రమే. ఆ ఎత్తు టర్బైన్ లేకపోయినా పోయేదే. ఎలా పోతుందో చూడాలంటే శ్రీశైలం గేట్లు ఎత్తిన రోజు అక్కడ నిలబడాలి.

90 మీటర్ల ఎత్తు నుంచి సెకనుకు లక్ష ఘనపుటడుగుల నీళ్ళు, అంటే లక్ష క్యూసెక్కులు దిగుతుంటే అందులో ఉండే శక్తి దాదాపు 2,500 మెగావాట్లు. కుడిగట్టున ఏడు యూనిట్ల పవర్‌హౌస్ 770 మెగావాట్లు, ఎడమగట్టున ఆరు యూనిట్ల భూగర్భ కేంద్రం 900 మెగావాట్లు. రెండూ పూర్తిగా నడిచినా డెబ్బై, ఎనభై వేల క్యూసెక్కులకు మించి వాడుకోలేవు. వరద అయిదు లక్షల క్యూసెక్కులు ఉంటే మిగతా నాలుగు లక్షల పైచిలుకు 12 గేట్ల మీదుగా దూకుతాయి. పది వేల మెగావాట్లకు పైగా శక్తి కళ్ళ ముందే నురగగా, హోరుగా మారుతుంది. సందర్శకుల ముఖాల మీద పడే తుంపర, కాళ్ళ కింద నేలలో తెలిసే సన్నటి అదురు, రెండూ ఆ లెక్కలోవే. డ్యామ్ దిగువన నీళ్ళు పడేచోట రాతిని తొలుచుకుంటూ పోయిన పెద్ద గొయ్యి కూడా ఆ శక్తి చేసిన పనే. ప్లంజ్ పూల్ అని పిలిచే ఆ గొయ్యి డ్యామ్ భద్రతకే ఆందోళనగా మారింది. 2009 అక్టోబరు వరదలో 25 లక్షల క్యూసెక్కుల దాకా ప్రవాహం వచ్చిందంటే ఆ నీళ్ళు మోసుకొచ్చిన శక్తిని ఊహించుకోవచ్చు.

హోరు, తుంపర, రాతిని తొలిచిన పని, ఇవన్నీ కలిపినా అసలు వాటాలో కొంచెమే. మిగిలినదంతా నీళ్ళు నీళ్ళతో ఒరుసుకుని వేడిగా మారుతుంది. 90 మీటర్లు పడిన నీళ్ళు ఎంత వేడెక్కుతాయి? 882 జౌల్స్‌ను లీటరుకు పంచితే 0.21 డిగ్రీల సెల్సియస్. చేయి పెట్టి చూస్తే తెలియదు, మంచి థర్మామీటరుకు తెలుస్తుంది.

ఈ సంగతిని తేల్చడానికి ఒక మనిషి జీవితంలో పెద్ద భాగమే పట్టింది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జేమ్స్ జౌల్ 1840లలో ఒక పీపాలో నీళ్ళు పోసి, అందులో తెడ్లు అమర్చి, బరువులు కిందికి దిగుతుంటే ఆ తెడ్లు తిరిగేలా ఏర్పాటు చేశాడు. బరువు దిగుతుంది, తెడ్డు తిరుగుతుంది, నీళ్ళు రవ్వంత వేడెక్కుతాయి. అదే ప్రయోగం మళ్ళీ మళ్ళీ చేసి 1850లో ఒక అంకె ప్రకటించాడు: నీళ్ళు 772 అడుగుల ఎత్తు నుంచి పడితే ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వేడెక్కాలి. తర్వాత ఇంకా జాగ్రత్తగా కొలిచి తేల్చిన 772.55 అనే అంకె ఆయన సమాధి రాతి మీద చెక్కి ఉంది. శ్రీశైలం తేడా 295 అడుగులను 772తో భాగిస్తే 0.38 డిగ్రీల ఫారన్‌హీట్ వస్తుంది. పైన చెప్పిన 0.21 డిగ్రీల సెల్సియస్ అదే.

జౌల్ కన్నా ముందు వేడిని ఒక పదార్థంలా, ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు పారే ద్రవంలా అనుకునేవాళ్ళు ఎక్కువ. 1798లో రంఫర్డ్ అనే శాస్త్రవేత్త మ్యూనిక్‌లో ఫిరంగి గొట్టాలు తొలిపిస్తూ, రాపిడి ఉన్నంతసేపూ వేడి పుడుతూనే ఉందని, అది పదార్థమైతే ఎప్పుడో అప్పుడు అయిపోవాలి కదా అని అనుమానపడ్డాడు. జర్మన్ వైద్యుడు మేయర్ 1842లో, హెల్మ్‌హోల్ట్జ్ 1847లో ఇదే సంగతిని వేరువేరు దారుల్లో చెప్పారు. జౌల్ దానికి అంకె కట్టాడు. పడటం, తిరగడం, వేడెక్కడం ఒకే ఖాతాలోని పద్దులని అప్పటినుంచి రుజువైంది.

ఒకే యంత్రం, రెండు దిక్కులు

శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు యూనిట్లూ, నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలోని ఎనిమిదింటిలో ఏడు యూనిట్లూ రివర్సిబుల్ రకం. నీళ్ళు పై నుంచి వచ్చి తిప్పితే అది టర్బైన్, దానికి బిగించిన యంత్రం జనరేటర్. గ్రిడ్ నుంచి కరెంటు ఇచ్చి ఎదురు దిక్కున తిప్పితే ఆ జనరేటరే మోటారు, ఆ టర్బైనే పంపు. 1873లో వియన్నా ప్రదర్శనలో ఒక డైనమోకు బయటినుంచి కరెంటు ఇస్తే అది మోటారులా తిరుగుతుందని జనానికి చూపించారు. కరెంటు నుంచి తిరగడం, తిరగడం నుంచి కరెంటు, రెండూ ఒకే సూత్రం మీద నడుస్తాయి. పంప్డ్ స్టోరేజీకి పునాది ఆ ఇరువైపుల మార్పిడే.

వంద యూనిట్ల కరెంటుతో ప్రయాణం మొదలుపెడదాం. మోటారులో రాగి తీగలు, ఇనుప కోర్ వేడెక్కి రెండు పోతాయి, 98 మిగులుతాయి. పంపులో నీళ్ళు సుడులు తిరగడం వల్ల తొమ్మిది శాతం పోతుంది, 89 మిగులుతాయి. పెన్‌స్టాక్ అనే పెద్ద గొట్టం గోడలకు ఒరుసుకుని ఇంకొంచెం పోతే పై జలాశయంలో స్థితిశక్తిగా చేరేది సుమారు 88. రాత్రి అది దిగేటప్పుడు మళ్ళీ అవే మూడు చెల్లింపులు, గొట్టానికి, టర్బైన్‌కు, జనరేటర్‌కు. 88లో 88 శాతం అంటే 77. ఒక్కో కేంద్రంలో ఈ అంకె కాస్త అటూ ఇటూ ఉంటుంది కానీ 75 నుంచి 80 మధ్యలో చాలా వాటికి సరిపోతుంది.

ఉచిత కరెంటు ఆశ ఎక్కడ దెబ్బతింటుందో ఇక్కడ తెలుస్తుంది. వచ్చిన 77 యూనిట్లతో మళ్ళీ నీళ్ళు ఎక్కిస్తే తర్వాత వచ్చేది 59. ఆ తర్వాత 46. అయిదో చుట్టు తిరిగేసరికి 27. మోటారును డైనమోకు, డైనమోను మళ్ళీ అదే మోటారుకు కలిపి, ఒకసారి తిప్పి వదిలితే ఆగకుండా నడుస్తుందని చూపించే వీడియోల్లోని యంత్రానిది కూడా ఇదే లెక్క. పెద్ద ఇంజనీర్లు, పెద్ద యంత్రాలు, అరిగిపోకుండా చూసుకునే సిబ్బంది ఉన్న కేంద్రంలోనే వంద 77 అవుతుంటే, బల్ల మీద పెట్టిన బొమ్మ మోటారు వందకు నూట పది ఇవ్వడం జరిగే పని కాదు. అలాంటి వీడియో ఎదురైతే బ్యాటరీయో కనిపించని వైరో ఎక్కడుందా అని వెతకడం మంచిది. నమ్మి డబ్బు పెట్టి మోసపోయేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పాలి.

శాస్త్రవేత్తలకు ఈ నియమం మీద ఎంత నమ్మకమంటే, లెక్క తేలకపోతే నియమాన్ని వదలకుండా కనిపించని ఖాతా కోసం వెతికారు. కొన్ని రేడియోధార్మిక పరమాణువులు విచ్ఛిన్నమయ్యేటప్పుడు కొంత శక్తి మాయమవుతున్నట్టు అనిపించింది. కంటికీ పరికరానికీ చిక్కని ఒక కణం దాన్ని మోసుకుపోతూ ఉండాలని 1930లో పౌలీ ప్రతిపాదించాడు. 1956లో ఆ కణం దొరికింది. దాని పేరు న్యూట్రినో.

పోయిన ఇరవై మూడు ఎక్కడున్నాయి?

ఎక్కడికీ పోలేదు. బేరింగుల నూనెలో, ట్రాన్స్‌ఫార్మర్ ఒంట్లో, జలాశయం నీళ్ళలో వేడిగా ఉన్నాయి. మొత్తం కలిపితే వంద వందే. అయితే వాటిని తిరిగి పోగుచేసి బల్బు వెలిగించలేం. నిత్యత్వ నియమం చెప్పేది మొత్తం మారదని మాత్రమే. ఆ మొత్తం ఎంతవరకు పనికొస్తుందో చెప్పదు.

కరెంటు, తిరిగే చక్రం, ఎత్తులోని బరువు, ఇవి క్రమబద్ధంగా ఉన్న శక్తి రూపాలు. వీటిని ఒకదాన్నుంచి ఇంకోదానికి తొంభై శాతం పైన మార్చవచ్చు. వేడి అలా కాదు. అందులో కోటానుకోట్ల అణువులు తలో దిక్కుకు కొట్టుకుంటూ ఉంటాయి. వాటినన్నిటినీ ఒకే దిక్కుకు మళ్ళించి పని చేయించడం కుదరదు. అందుకే బొగ్గు కేంద్రంలో చాలా శక్తి వృథాగా పోతుంది. 540 డిగ్రీల ఆవిరితో టర్బైన్ తిప్పి, 40 డిగ్రీల దగ్గర చల్లబరిస్తే, ఎంత గొప్ప యంత్రమైనా వేడిలో 61 శాతానికి మించి పనిగా మార్చలేదు. ఇది ప్రకృతి పెట్టిన హద్దు. నిజంగా వచ్చేది 35 శాతం చుట్టుపక్కల. మిగిలిన రెండు వంతుల్లో ఎక్కువ భాగం విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోనో, పాల్వంచలోనో కూలింగ్ టవర్ల మీద తెల్లటి ఆవిరిగా పైకి పోవడం దూరం నుంచే కనిపిస్తుంది.

వందకు 23 పోగొట్టే పంప్డ్ స్టోరేజీని తిట్టేవాళ్ళు, వందకు 65 పోగొట్టే బొగ్గును పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. బొగ్గులో పోయేది ఇంకా కరెంటు కాని వేడి. పంప్డ్ స్టోరేజీలో పోయేది అప్పటికే తయారైన కరెంటు. మేలైన రూపంలో ఉన్న శక్తిని పోగొట్టుకుంటే ఎక్కువ బాధ. ఆ బాధలో అర్థముంది. అందుకే ఏ కరెంటుతో నీళ్ళు ఎక్కిస్తున్నారన్నది అసలు ప్రశ్న. బొగ్గు కాల్చిన కరెంటుతోనైతే నూరు పాళ్ళ బొగ్గు వేడిలో చివరికి వినియోగదారుడికి దక్కేది 27 పాళ్ళు. వాడుకునేవాళ్ళు లేక ఆపేయాల్సిన సౌర విద్యుత్తుతోనైతే లెక్క పూర్తిగా మారిపోతుంది.

కరెంటుకు గోడౌన్ లేదు

వరిని మిల్లులో నిల్వ చేయవచ్చు, పెట్రోలును ట్యాంకులో పెట్టవచ్చు. తీగల్లో పారే కరెంటును అలా ఆపి ఉంచే చోటు గ్రిడ్‌లో లేదు. ఎవరో స్విచ్ వేసిన క్షణంలోనే ఎక్కడో ఒక యంత్రం ఆ శక్తిని ఇవ్వాలి. ఒకవేళ ఎవరూ ఇవ్వకపోతే? నిత్యత్వ నియమం అప్పు పెట్టదు. దేశమంతా ఒకే లయలో తిరుగుతున్న భారీ టర్బైన్ల గతిశక్తిలోంచి ఆ మేరకు తీసుకుంటుంది. అవి కాస్త నెమ్మదిస్తాయి, కరెంటు లయను సెకనుకు ఇన్ని చుట్లని చెప్పే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి దిగుతుంది. ఉత్పత్తి ఎక్కువై వాడకం తగ్గితే అవి వేగం పుంజుకుంటాయి, ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. మన గ్రిడ్ నియమావళి ప్రకారం అది 49.90, 50.05 మధ్య ఉండాలి. గ్రిడ్‌ను కనిపెట్టుకుని నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో గోడ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే ఆ అంకె నిజానికి శక్తి నిత్యత్వ నియమం క్షణక్షణానికీ వేస్తున్న పద్దు.

ఆ పద్దు తప్పితే ఏమవుతుందో 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం చూసింది. రెండో రోజు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలిపోయాయి. సుమారు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. తెలుగు రాష్ట్రాలున్న దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఒకే లయలో కలవలేదు కాబట్టి ఆ దెబ్బ ఇటు రాలేదు. రాయచూరు, షోలాపూర్ మధ్య 765 కేవీ లైనుతో ఆ కలయిక 2013 డిసెంబరు 31న జరిగింది.

ఇంకో రోజు దీనికి తలకిందులు. 2020 ఏప్రిల్ 5, రాత్రి 9 గంటలకు కరోనా సమయంలో దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పమని ప్రధాని పిలుపు ఇచ్చారు. వాడకం కొద్ది నిమిషాల్లో సుమారు 31,000 మెగావాట్లు పడిపోయింది, మళ్ళీ అంత వేగంగా లేచింది. బొగ్గు కేంద్రం అంత చురుగ్గా తగ్గలేదు, చల్లారిన బాయిలర్ మళ్ళీ వేడెక్కాలంటే గంటలు పడుతుంది. ఆ తొమ్మిది నిమిషాలను ఎక్కువగా మోసింది జలవిద్యుత్తు. దాదాపు 17,500 మెగావాట్ల జలవిద్యుత్తును తగ్గించి, దీపాలు వెలగగానే మళ్ళీ పెంచారు. నీళ్ళ కేంద్రంలో చేయాల్సింది టర్బైన్ చుట్టూ ఉండే రెక్కల తలుపులను మూయడం, తెరవడమే. ఎత్తులో ఉన్న నీళ్ళు ఎంతసేపైనా ఎదురుచూస్తాయి. ఆ ఓపికే వాటి విలువ.

మధ్యాహ్నం మిగులు, సాయంత్రం కరువు

శ్రీ సత్యసాయి జిల్లా ఎన్‌పీ కుంటలో, కర్నూలు పక్క ఓర్వకల్లులో సోలార్ ప్యానెళ్ళు మధ్యాహ్నం పన్నెండింటికి గరిష్ఠంగా పనిచేస్తాయి. ఆరున్నరకల్లా సున్నా. ఇళ్ళలో లైట్లు, టీవీలు, ఏసీలు వేసే వేళ అప్పుడే మొదలవుతుంది. మధ్యాహ్నం వాడకానికి మించి వస్తుంటే కొన్ని ప్యానెళ్ళను గ్రిడ్ నుంచి తప్పిస్తారు. అప్పుడు వాటి మీద పడే ఎండ ఏమవుతుందన్న ప్రశ్నకూ అదే నియమం జవాబిస్తుంది. మామూలుగా ఎండలో అయిదో వంతు కరెంటుగా బయటికి పోతుంది. తప్పించిన ప్యానెల్‌లో అది కూడా వేడిగానే మిగిలి, ప్యానెల్ పక్కవాటికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. అలా గాలిలో కలిసిపోయే శక్తిలో వందకు 77 రాత్రికి దక్కినా అది లాభమే.

ధరల్లో కూడా ఈ తేడా కనిపించడం మొదలైంది. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారులకు పీక్ వేళల్లో ధర మామూలు ధరకు 1.2 రెట్లకు తగ్గకూడదు, ఎండ వేళల్లో కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. మామూలు ధర రూపాయి అనుకుని చూద్దాం. పగలు వంద యూనిట్లు 80 రూపాయలకు కొని, రాత్రి 77 యూనిట్లు 1.20 చొప్పున అమ్మితే 92 రూపాయలు వస్తాయి. యూనిట్లలో 23 నష్టం, డబ్బులో 12 లాభం. అయితే ఆ పన్నెండు రూపాయల్లోంచే డ్యాములు, సొరంగాలు, యంత్రాల అప్పు తీరాలి. అంత చిన్న తేడాతో తీరదు. పగటికీ రాత్రికీ తేడా ఇంకా పెరిగితేనో, అత్యవసర వేళల్లో ఆదుకున్నందుకు విడిగా చెల్లిస్తేనో ఈ ప్రాజెక్టులు నిలబడతాయి. చవకగా వచ్చేస్తుందన్న ప్రచారాన్ని ఇక్కడ జాగ్రత్తగా చూడాలి.

యంత్రాలే అవసరం లేని నిల్వ ఒకటి ఉంది. వ్యవసాయ మోటార్లను రాత్రి కాకుండా పగలు నడిపిస్తే, బోరు నీళ్ళు పొలంలోకి చేరే పని ఎండ వేళలోనే అయిపోతుంది. దాచి తీయాల్సిన అవసరమే ఉండదు, 23 శాతం కట్టనక్కర్లేదు. రాత్రిపూట పొలానికి వెళ్ళి పాముకాటుకో షాక్‌కో గురయ్యే బాధ కూడా రైతుకు తప్పుతుంది. పగటిపూట వ్యవసాయ కరెంటు ఇవ్వడమన్నది సంక్షేమమే కాదు, శక్తి లెక్కలో కూడా అన్నిటికన్నా తెలివైన పద్ధతి.

నది మీదా, నదికి దూరంగానా?

సాగర్, శ్రీశైలంలో యంత్రాలు ఉన్నా నీళ్ళు అన్ని వేళలా వెనక్కి ఎక్కించలేరు. దిగువన మడుగులో నీళ్ళు నిలిచి ఉండాలి. సాగర్ కోసం సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టింది అందుకే. పైగా కృష్ణా నీళ్ళ మీద తాగునీరు, సాగు, రెండు రాష్ట్రాల వాటాలు అన్నీ ఉన్నాయి. శ్రీశైలంలో 854 అడుగులు ఉంటేగానీ రాయలసీమకు నీళ్ళిచ్చే పోతిరెడ్డిపాడు కాలువకు సరిగా నీళ్ళు అందవు. ఆ మట్టానికి దిగువన కరెంటు తీయడం 2021లో రెండు రాష్ట్రాల మధ్య పెద్ద వివాదమైంది. విద్యుత్తుకు వాడిన నీళ్ళు ఖర్చు కావు, నిజమే. చోటు మారతాయి. రాయలసీమకు ఆ చోటే ముఖ్యం.

నంద్యాల జిల్లా పాణ్యం మండలంలోని పిన్నాపురం దారి వేరు. 1,680 మెగావాట్ల ఆ ప్రాజెక్టులో రెండు జలాశయాలూ నదికి దూరంగా ఉంటాయి. గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నీళ్ళు తెచ్చి నింపుకుంటే, అవే పైకీ కిందికీ తిరుగుతాయి. పక్కనే సోలార్, గాలి మరల విద్యుత్తు ఉంటుంది. నీటి వాటాల తగాదా ఇక్కడ తక్కువ, భూమి తగాదా ఉండదని చెప్పలేం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ప్రతిపాదించిన ఇలాంటి ప్రాజెక్టుల మీద గిరిజనులు అభ్యంతరాలు చెబుతున్నారు. కొండ అంటే ఇంజనీరుకు ఎత్తు, అక్కడివాళ్ళకు ఊరు, పోడు, ఊటనీళ్ళు. ఆ మాట వినకుండా వేసే లెక్క సగం లెక్కే.

బ్యాటరీలతో పోలిస్తే? లిథియం బ్యాటరీలో వందకు 85 దాకా తిరిగి వస్తాయి, కొండ అక్కర్లేదు, ఊరి పక్కనే పెట్టవచ్చు. కాకపోతే అవి ఏళ్ళు గడిచేకొద్దీ నీరసిస్తాయి. డ్యాము, సొరంగం రెండు మూడు తరాలు ఉంటాయి. రెండు మూడు గంటల అవసరానికి బ్యాటరీ, ఆరు నుంచి పది గంటల అవసరానికి నీళ్ళు సరిపోతాయన్నది ప్రస్తుతానికి సబబైన విభజన. బ్యాటరీ ధరలు పడేకొద్దీ ఈ గీత జరుగుతుంది.

నీళ్ళు అవే తిరుగుతాయన్న మాటలోనూ ఒక మినహాయింపు ఉంది. నంద్యాల ఎండకు జలాశయం ఆవిరవుతుంది. ఆ మేరకు ఏటా గోరకల్లు నుంచి మళ్ళీ తెచ్చుకోవాల్సిందే. ఒక లీటరు ఆవిరి కావడానికి ఎండ పెట్టే శక్తి సుమారు 24 లక్షల జౌల్స్. 90 మీటర్ల ఎత్తులో ఆ లీటరు దాచుకున్నది 882 జౌల్స్ మాత్రమే. సముద్రం నుంచి నీళ్ళను లేపి మహాబలేశ్వరం కొండల మీద వానగా కురిపించి, కృష్ణమ్మగా శ్రీశైలం దాకా పంపింది కూడా ఆ ఎండే.